కొండ మీద కోట, ట్రాయ్‌లో ఇల్లు

ట్రాయ్, మిషిగన్
14 నవంబరు 1982

అల్లుడు సుందర్ రాజ్‌కి మామ దైవాశీర్వాదం వందనాలు.

తెల్లారేసరికి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు మంచు ఉంది. ఎండ వచ్చాక కరిగింది. గాలి లేదని ఇవాళ పెరట్లో ఆకులన్నీ ఊడ్చాను. సంచులకెత్తి రోడ్డు పక్కన పెట్టాను. ఎదురింటి ముసలాయన చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఈ వారంలో రూతు కాక నేను పలకరించిన మనిషి ఆయనొక్కడే.

రూతు మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆసుపత్రికి వెళ్తుంది. వచ్చేసరికి నేను నిద్రపోతాను. నేను లేచేసరికి తను నిద్రలో ఉంటుంది. కూరలు డబ్బాల్లో పెట్టి ఫ్రిజ్ తలుపు మీద కాగితం అంటిస్తుంది, ఏది ముందు తినాలో. నువ్వు ఇక్కడ ఉన్నప్పుడూ ఇంతేనా? నువ్వు పొద్దున పోయి సాయంత్రం వచ్చేవాడివి గదా, మరి ఒకళ్ళ మొహం ఒకళ్ళు ఎప్పుడు చూసుకునేవాళ్ళు?

నేను ఇక్కడికి వచ్చేసరికి నువ్వు జపాను వెళ్ళిపోయావు. పెళ్ళిలో తప్ప నీతో కూర్చుని మాట్లాడింది లేదు. కంపెనీ వాళ్ళు అక్కడి ఫ్యాక్టరీలో పని చూసి రమ్మన్నారని రూతు చెప్పింది. అది ఏం పని, ఏం తింటున్నావు, ఆదివారం ఆరాధనకి వెళ్ళే వీలుందా, రాయి. నాకు ఇక్కడ పని తక్కువ. ఎంత పెద్ద ఉత్తరమైనా చదువుతాను.

మామ
దైవాశీర్వాదం


నగోయా, జపాన్
28 నవంబరు 1982

మామయ్య గారికి వందనాలు.

ఇక్కడ రెండు రోజులుగా సన్నగా వాన. ఫ్యాక్టరీలో నా పని చూడటమే. కారు తలుపులు అచ్చు వేసే ప్రెస్ ఉంటుంది. ఒక రకం తలుపు నుంచి ఇంకో రకానికి మారాలంటే అచ్చు మార్చాలి. మా ప్లాంట్‌లో దానికి సగం రోజు మెషీన్ ఆపుతాం. వీళ్ళు టీ తాగినంతసేపట్లో మార్చేస్తారు. ఎలా మారుస్తున్నారో చూసి రిపోర్ట్ రాయాలి.

చర్చి ఉంది. ఒకసారి వెళ్ళాను, ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకని ఆదివారాలు కొండ ఎక్కుతున్నాను. మా సెక్షన్‌లో హొరీ అని పెద్ద మేస్త్రీ ఉన్నారు. ఆయనకి ఇంగ్లీషు రాదు, నాకు జపనీస్ రాదు. పోయిన వారం రైల్లో ఒక చిన్న ఊరికి తీసుకెళ్ళారు. ఊరి వెనక కొండ, కొండ మీద పాత కోట. దాని పేరు నాకు నోరు తిరగలేదు.

దారంతా ఆకాశాన్నంటే చెట్లు, పగలే చీకటి. బయల్దేరే ముందు ఆయన నా బ్యాగుకి చిన్న గంట కట్టారు. ఎందుకని సైగ చేశాను. రెండు చేతులూ పైకెత్తి గుర్రుమన్నారు. ఎలుగుబంటి! ఇక ఆ గంట మోగకపోతే నాకే భయం వేసింది.

పైన చూస్తే కోట లేదు. నూరేళ్ళ నాడు ప్రభుత్వం మారినప్పుడు చెక్కతో కట్టినవన్నీ విప్పేశారని అక్కడి బోర్డు మీద ఇంగ్లీషులో ఉంది. రాతిగోడలు మిగిలాయి. సున్నం పెట్టకుండా పేర్చిన రాళ్ళు, అంచెలంచెలుగా. వాటి మీద నాచు. ఒక మూల కూర్చుని ఆయన భార్య కట్టి ఇచ్చిన అన్నం ముద్దలు తిన్నాం. మధ్యలో పుల్లటి పండు ఊరగాయ పెడుతుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నేను అంత తేలిగ్గా ఈ మధ్య ఎక్కడా కూర్చోలేదు.

ఈ ఉత్తరం రూతుకి కూడా చదివి వినిపించండి. తనకి వేరే రాయాలంటే ఇవే సంగతులు గదా.

సుందర్ రాజ్


ట్రాయ్
19 డిసెంబరు 1982

అల్లుడు సుందర్ రాజ్‌కి,

మంచు మోకాలి దాకా పడింది. పార పట్టి వాకిలి నుంచి రోడ్డు దాకా తోశాను. తోసిన చోటే మళ్ళీ పడుతోంది. రూతు కారు వెళ్ళేంత దారి మాత్రం ఉంచుతున్నాను.

నీ ఉత్తరం బాగుంది. కానీ నాకొకటి అర్థం కాలేదు. మా ఊరు కొండవీడు కొండ కిందే. చిన్నప్పుడు కోట దాకా ఎన్నిసార్లు ఎక్కానో. కట్టెలకి ఎక్కాం, సీతాఫలాలకి ఎక్కాం, తప్పిపోయిన గేదె కోసం ఎక్కాం. ఏ పనీ లేకుండా, రైలు టిక్కెట్టు కూడా కొనుక్కుని, కొండ ఎక్కటం ఏమిటి అల్లుడూ? ఆ హొరీ గారికి పొలం లేదా?

రూతు డ్యూటీ బట్టలు ఇస్త్రీ చేసుకుంటుంటే చదివి వినిపించాను. ఎలుగుబంటి దగ్గర ఇస్త్రీ ఆపింది. "నిజంగా ఉందా నాన్నా అక్కడ?" అంది. ఉంటే ఈ ఉత్తరం వచ్చేది కాదన్నాను. నవ్వింది. తర్వాత "ఇంకేం రాశాడు?" అంది. అంతే అన్నాను.

శనివారం మన తెలుగు వాళ్ళ కూడికకి కూడా పట్టుకెళ్ళి చదివాను. మా ఊళ్ళో ఎవరింటికి దూరం నుంచి ఉత్తరం వచ్చినా ఆరాధన అయ్యాక నలుగురిలో చదవటం అలవాటే. నాకు మనసులో చదువుకోవటం చేతకాదు. ఆరో తరగతితో ఆపారు. నోటితో చదివితే, అది నా చెవిన పడితేనే, ఏం రాశారో నాకు తెలుస్తుంది. అందరూ గుర్రుమనే చోట బాగా నవ్వారు. సామ్యూల్ "రూతమ్మ గారి మొగుడు కోటలు ఏలుతున్నాడే!" అన్నాడు. విమలకుమారి గారి పిల్లలు నన్ను కోట తాత అంటున్నారు. చిన్నది కోటు పట్టుకు లాగి, "తాతా, నెక్స్ట్ లెటర్ ఎప్పుడు వస్తాది? బేర్ వస్తాదా?" అంటుంది.

ఇక్కడ నన్ను ఎవరన్నా ఏమన్నా అడగటం ఇదే మొదటిసారి. త్వరగా ఇంకోటి రాయి.

మామ
దైవాశీర్వాదం


నగోయా
21 డిసెంబరు 1982

మామయ్య గారికి వందనాలు.

మీ జవాబు ఇంకా అందలేదు. అయినా రాయాలనిపించింది.

నిన్నగాక మొన్న మళ్ళీ కోటకి వెళ్ళాం. కొండ మీద మంచు పడింది. హొరీ గారు నా బూట్లకి గడ్డితాడు చుట్టారు, జారకుండా. ఈసారి కోట గుమ్మం ఎలా కట్టారో చూపించారు. గుమ్మం దాటగానే లోపలికి వచ్చేశాం అనుకుంటాం. ఎదురుగా గోడ. పక్కకి తిరిగితే ఇంకో గుమ్మం. మధ్యలో చిన్న గదిలాంటి జాగా, నాలుగు పక్కలా గోడలు, పైన ఆకాశం. దండెత్తి వచ్చినవాణ్ణి అక్కడ ఆపి పైనుంచి కొట్టేవారట. ఆయన పైకెక్కి నా మీద మంచు ముద్ద వేశారు. "చచ్చావు" అన్నట్టు సైగ చేశారు.

ఆ జాగాలో నిలబడి నేను మా ఇంటి సంగతి అనుకున్నాను. మీకు తప్ప ఇది రాయటానికి నాకు ఎవరూ లేరు. నేను అమెరికా వచ్చింది రూతు నర్సుగా ముందు వచ్చి నాకు కాగితాలు పెడితేనే. నాకు ఉద్యోగం దొరికేదాకా ఏడాది పైగా తనే పోషించింది. ఇల్లు తనే చూసింది, తనే కొంది. చెప్పిన చోట నేను సంతకం పెట్టాను. తను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. కూడికలో మాత్రం సామ్యూల్ నన్ను ఇల్లరికపు అల్లుడు అంటాడు. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను. రూతు కూడా నవ్వుతుంది.

ఇక్కడ నేను రాజ్ సాన్‌ని, అంటే రాజ్ గారిని. ఎవరి మొగుణ్ణీ కాను.

నేను వచ్చిన పని జనవరితో అయిపోతుంది. ఇంకో ఏడాది ఉంచమని నేనే కంపెనీని అడిగాను. కంపెనీ ఉంచుతోందని రూతుకి ఫోన్‌లో చెప్పాను. మామయ్య గారూ, నాకు ఆ ఇంటికి తిరిగి రావాలని లేదు. అది తన ఇల్లు.

ఈ ఉత్తరం మీకు మాత్రమే. రూతుకి ఇప్పుడే చెప్పకండి. వీలు చూసి నేనే చెప్తాను.

సుందర్ రాజ్


ట్రాయ్
4 జనవరి 1983

సుందర్ రాజ్‌కి,

వాన పడి పడినచోటే గడ్డ కడుతోంది. మెట్ల మీద ఉప్పు వేశాను. ఇంకే పనీ చెయ్యలేదు.

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. శనివారం కొత్త సంవత్సరం కూడిక. అందరూ వస్తారు గదా అని విప్పకుండా కోటు జేబులో పెట్టుకున్నాను. రూతు కూడా సెలవు పెట్టి వచ్చింది. ప్రార్థన అయ్యాక పిల్లలు "కోట లెటర్, కోట లెటర్" అని గోల. సామ్యూల్ కుర్చీ ముందుకు జరిపి "కూర్చోండి తాతగారూ, మా ఇల్లరికపాయన ఏం దండెత్తాడో చూద్దాం" అన్నాడు. అక్కడే కవరు చించాను.

గడ్డితాడు చదివాను. గుమ్మం చదివాను. మంచు ముద్ద దగ్గర చిన్నది చప్పట్లు కొట్టింది. ఆ తర్వాత ఉన్నదీ చదివాను. నేను ముందే చెప్పాను, నోటితో చదివి చెవిన పడితే తప్ప నాకు తెలియదని. నాకు తెలిసేసరికి హాలంతటికీ తెలిసిపోయింది. "అది తన ఇల్లు" అన్నదాకా వచ్చాను. అక్కడ ఆగాను.

రూతుకి చెప్పకండి అన్న మాట నువ్వు చిట్టచివర రాశావు. అది మర్నాడు చదివాను. మొదటే రాసి ఉంటే బాగుండేది.

సామ్యూల్ తన బూట్ల వంక చూసుకున్నాడు. విమలకుమారి గారు గబుక్కున పాట ఎత్తుకుంది. ఎవరి శ్రుతి వాళ్ళది. పాట అయ్యేలోపు రూతు లేచి తను తెచ్చిన కోడికూర గిన్నెకి మూత పెట్టింది. ఇంకా ఎవరూ వడ్డించుకోలేదు. గిన్నె నా ఒళ్ళో పెట్టి కారు నడిపింది. ఇంటికి వచ్చాక "కాళ్ళు తుడుచుకో నాన్నా, ఉప్పు అంటుకుంది" అంది. అంతే.

జరిగింది నీకు తెలియాలని రాశాను. నాకు అన్నం సయించటం లేదు.

దైవాశీర్వాదం


నగోయా
15 జనవరి 1983

మామయ్య గారికి,

ఆ ఉత్తరం హాలు కోసం రాసింది కాదు. మీరు పెద్దవారు, ఇంతకన్నా ఏమీ అనలేను. ఇక ఇలాంటివి రాయను.

సామ్యూల్ ఇక్కడి హాస్టల్‌కి ఫోన్ చేశాడు. నేను లేనని చెప్పించాను.

రూతు ఏమంది?

సుందర్ రాజ్


ట్రాయ్
6 ఫిబ్రవరి 1983

సుందర్ రాజ్‌కి,

చలి ఎముకల్లో పడుతోంది. వాకిట్లో మంచు రాయిలా గట్టిపడింది, పార దిగటం లేదు. ఇవాళ వేణ్ణీళ్ళు పోసి చూశాను. అదీ గడ్డకట్టింది. రూతు చూసి కోప్పడింది. కోప్పడినందుకు నాకు సంతోషమే, నాతో అన్ని మాటలు మాట్లాడి చాలా రోజులైంది.

నువ్వు అడిగావు గనక రాస్తున్నాను. వారం పాటు ఏమీ అనలేదు. తర్వాత ఒక పొద్దున కాఫీ ముందు పెట్టుకుని, "నాన్నా, ఈ ఇల్లు ఇద్దరి పేరా ఉంది" అంది.

"ఇద్దరి పేరా?" అన్నాను.

"కొన్నప్పుడు ఇద్దరి పేరా రాయించాను. సంతకం దేనికి పెట్టాడో చూసుకున్నాడా?"

"సాక్షి సంతకం అనుకున్నాడేమోనమ్మా."

"అనుకునే ఉంటాడు. అడగలేదుగా."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్తే ఇచ్చినట్టు ఉంటుందని చెప్పలేదు" అంది.

నువ్వూ అడగలేదు, తనూ చెప్పలేదు. మీ ఇద్దరికీ చదువు ఎక్కువై ఇలా అయ్యారో, పని ఎక్కువై అయ్యారో నాకు తెలియదు.

పోయిన ఆదివారం సామ్యూల్ భార్యని తీసుకుని వచ్చాడు. కోటు విప్పకుండానే కూర్చున్నాడు. "సరదాకి అన్నాం రూతమ్మా. మన రాజు అంత మనసులో పెట్టుకుంటాడనుకోలేదు" అన్నాడు. రూతు టీ ఇచ్చి, "నేనూ సరదాకే నవ్వాను అన్నయ్యా" అంది. సామ్యూల్ టీ సగం వదిలేసి లేచాడు.

ఇంకొకటి నాకు ఈమధ్యే తెలిసింది. పోస్టు వచ్చే వేళకి రూతు డ్యూటీకి బయల్దేరుతుంది. పెట్టెలోవి తనే తెచ్చి, అన్నీ ఒకసారి తిప్పి చూసి, నావి బల్ల మీద పెడుతుంది. నీ ఉత్తరాలన్నీ నాకు తన చేతుల మీదే వచ్చాయి. అన్నిటి మీదా నా పేరే. పెద్దవాడికి రాస్తే ఇంట్లో అందరికీ రాసినట్టే అని మనం అనుకుంటాం. నేనూ మీ అత్తగారికి ఎన్నడూ వేరే ఉత్తరం రాయలేదు. మా నాన్నకి రాస్తే ఆయన చదివేవాడు, ఆవిడ తలుపు వెనక నిలబడి వినేది. ఇక్కడ ఆ తలుపు లేదు.

నాకు రాయటం ఆపు. తనకి రాయి. ఏమన్నా రాయి, ఎలుగుబంటి సంగతే రాయి. ఆ కవరు నేను ముట్టుకోను.

మామ
దైవాశీర్వాదం


నగోయా
6 మార్చి 1983

మామయ్య గారికి వందనాలు.

నాకు రాయొద్దన్నారు. రూతుకే రాద్దామని ఇన్ని రోజులూ కూర్చున్నాను. పేరు రాశాక కలం ఆగిపోతోంది. పెళ్ళి అయినప్పటి నుంచి తనకి నేను ఉత్తరం రాయలేదు. పెళ్ళికి ముందు మా నాన్న మీకు రాసేవాడు. ఎదురుగా కూర్చుంటే చెప్పగలనేమో అనిపిస్తోంది.

ఇల్లు ఇద్దరి పేరా ఉందన్నది చదివి ఆ రోజు ఫ్యాక్టరీకి వెళ్ళలేకపోయాను. ఒంట్లో బాగాలేదని చెప్పించాను.

ఇవాళ కోటకి ఆఖరుసారి వెళ్ళాను. హొరీ గారి భార్య కూడా వచ్చింది. ఆవిణ్ణి చూడటం ఇదే మొదలు, ఆవిడ చేతి అన్నం ఇన్నాళ్ళు తిన్నాను. పొట్టి మనిషి. ఆయన వెనకే నడిచింది. కొండ ఎక్కినంతసేపూ ఇద్దరూ ఒక్క మాట అనుకోలేదు. మంచు కరిగి దారంతా బురద. ఒకచోట ఆయన ఆగి వెనక్కి చూడకుండానే చెయ్యి చాచారు. ఆవిడ పట్టుకుని ఎక్కి, వదిలేసి, మళ్ళీ వెనకే నడిచింది. పైకి వెళ్ళాక ఆయన నాకు ఆవిణ్ణి చూపించి ఏదో అన్నారు. ఆవిడ ఆయన భుజం మీద చరిచింది. ఏమన్నారో నాకు తెలియలేదు. నన్నేదో అన్నారనుకుని నేనూ నవ్వాను.

గోడ అంచున నిలబడితే కింద ఊరు, రైలు పట్టాలు, పొలాలకి నీళ్ళు పెట్టుకునే మడులు కనిపించాయి. రూతు ఇది చూడలేదే అనిపించింది. ఈ నాలుగు నెలల్లో అలా అనిపించటం ఇదే మొదటిసారి, అందుకే మీకు రాస్తున్నాను.

ఏడాది అడిగింది వెనక్కి తీసుకున్నాను. కంపెనీ సరేనంది. ఏప్రిల్ రెండో తారీకు శనివారం డెట్రాయిట్‌లో దిగుతాను. మర్నాడు ఈస్టరు. రూతుకి చెప్పండి.

సుందర్ రాజ్


ట్రాయ్
31 మార్చి 1983

సుందర్ రాజ్‌కి,

మంచు పోయింది. రాత్రి వాన పడి నేల మెత్తబడింది. పొద్దున పెరట్లో కొమ్మలు ఏరాను, గారేజీ కడిగాను. ఈ ఉత్తరం పోస్టు చెయ్యటం లేదు. బల్ల మీద పెడుతున్నాను. నువ్వు తలుపు తీసుకుని వచ్చాక చదువుతావు.

నీ ఉత్తరం పదహారో తారీకు వచ్చింది. రూతే తెచ్చి ఇచ్చింది. ఈసారి వెళ్ళిపోలేదు, నిలబడింది. నేను చదివాను. నోటితోనే చదివాను, మొత్తం. బురదలో చెయ్యి చాచటం దాకా విని కుర్చీలో కూర్చుంది. అయ్యాక అడిగింది.

"నాకేమన్నా విడిగా పెట్టాడా?"

"నీకు చెప్పమన్నాడు తల్లీ."

"సరే" అంది.

నేను అన్నాను, మనిషే వస్తున్నాడు గదా, ఉత్తరం ఎందుకు అని. "వచ్చేది నీ మాట మీద నాన్నా. హాల్లో అందరి ముందూ చదివావని వస్తున్నాడు. ఇల్లు తన పేర కూడా ఉందని వస్తున్నాడు. వీటిలో నేనెక్కడ ఉన్నాను?" అంది. చూసినప్పుడు నువ్వు గుర్తొచ్చావని రాశాడు గదా అన్నాను. "అదీ నీకే రాశాడు" అంది.

ఆ రాత్రే ప్రేమజ్యోతికి ఫోన్ చేసింది. ఇద్దరూ గుంటూరులో కలిసి నర్సింగ్ చదివారు, నీకు తెలుసు. దూరాన పిస్కాటవే ఊళ్ళో వాళ్ళ ఇంటి దగ్గరి ఆసుపత్రిలో మనుషులు కావాలట. నేను ఒద్దన్నాను. రెండు రోజులు అన్నం మానేశాను కూడా. నా వయసులో అలాంటి పని చెయ్యకూడదని నాకు మందు మింగించి, అన్నం తినిపించి, మళ్ళీ సర్దుకోవటం మొదలెట్టింది. తన బట్టలు, కుట్టుమిషను తీసుకెళ్ళింది. మిగతావన్నీ ఉన్నాయి.

వేడి పెట్టే మెషీను తగ్గించి ఉంచాను. గోడకున్న మీటని కుడి పక్కకి తిప్పు. పాలు, గుడ్లు, బ్రెడ్ సామ్యూల్ భార్య తెచ్చి పెట్టింది. పప్పు, అన్నం నేను వండాను, నీలం డబ్బాలో. చెత్త బండి బుధవారం వస్తుంది. ప్రేమజ్యోతి వాళ్ళ ఫోన్ నంబరు, అడ్రసు ఫోన్ పక్కన రాసి ఉన్నాయి. అవి రూతు రాసినవే.

రూతు సోమవారం పొద్దున వెళ్ళింది. నేను ఇవాళ సాయంత్రం విమానానికి ఇండియా వెళ్తున్నాను.

దైవాశీర్వాదం